డ్రేటన్ హాల్ కట్టింది 1738లోనా, 1750 ప్రాంతంలోనా? (సమాధానం)

అమెరికాలోని డ్రేటన్ హాల్ అనే పాత భవనం మీద ప్రాజెక్టు చేస్తున్నానని, కట్టిన ఏడాది ఒకచోట 1738 అని, మరోచోట 1750 ప్రాంతం అని ఉందని, ఏది సరైనదని అడిగారు. 1738 ఇల్లు కట్టిన ఏడాది కాదు, స్థలం కొన్న ఏడాది. మీ ప్రాజెక్టులో రెండు తేదీలు పొసగకపోవడానికి కారణం ఇదే అయి ఉండాలి. దక్షిణ కరోలినాలో చార్ల్‌స్టన్ దగ్గర, ఆష్లీ నది ఒడ్డున జాన్ డ్రేటన్ ఆ భూమి కొన్నాడు. తర్వాత రాసినవారు ఆ తేదీనే ఇంటికీ తగిలించారు.

1. భూమి కొన్న తేదీని, నిర్మాణ తేదీని విడివిడిగా రాసుకోండి.

2. కలప వయసు చూడండి. చాలామంది వదిలేసేది ఇదే. అటక దూలాల్లోని వలయాలను (చెట్టు కాండంలో ఏడాదికొకటి ఏర్పడే గీతలను) పరీక్షిస్తే, ఆ చెట్లను 1747-48 చలికాలంలో నరికారని తేలింది. నరకని చెట్టుతో కప్పు వేయలేరు కదా! అయితే ఇది కప్పు సంగతి మాత్రమే. గోడలు ఇంకాస్త ముందే లేచి ఉండవచ్చు. అందుకే ఒకే ఏడాది ఇవ్వకుండా "1750 ప్రాంతంలో పూర్తయింది" అని రాయండి.

3. ప్లానులో ఉన్న పక్క కట్టడాలు రెండూ ఫోటోలో లేవన్నారు. ఒకటి 1886 భూకంపంలో, రెండోది 1893 తుఫానులో పోయాయి. ప్లాను తప్పు కాదు.

4. గదులు ఖాళీగా ఉండటం నిర్లక్ష్యం కాదు. 1974లో చారిత్రక కట్టడాలను కాపాడే అమెరికా సంస్థ నేషనల్ ట్రస్ట్ చేతికి వచ్చాక, కొత్త హంగులు అద్దకుండా ఉన్నది ఉన్నట్టు కాపాడుతున్నారు. నాకైతే ఆ నిర్ణయమే నచ్చింది.

5. మీ ప్రాజెక్టు పట్టికలో శైలి గడిలో "పల్లాడియన్ (ఇటలీ వాస్తుశిల్పి పల్లాడియో పద్ధతి), రెండంతస్తుల స్తంభాల వరండా" అని రాయండి. శ్రమ గడిలో యజమాని పేరు ఒక్కటే చాలదు. బానిసలుగా ఉంచిన ఆఫ్రికన్లనూ చేర్చండి.