సి2 ఎం5 క్యాన్సర్ దశ కాదు, కొలత

మీ నాన్నగారి ఎండోస్కోపీ రిపోర్టులో ‘బారెట్స్ ఈసోఫేగస్, సి2 ఎం5’ అని ఉందనీ, బయాప్సీ (ముక్క తీసి చేసే పరీక్ష) ఇంకా రాలేదనీ, ఇది క్యాన్సర్ ఎన్నో దశ అనీ అడిగారు. ముందు గుండె దిటవు చేసుకోండి. బారెట్స్ ఈసోఫేగస్ అంటే ఆమ్లం ఎగదన్ని అన్నవాహిక లోపొర మారిపోవడం. ఆ మార్పు ఎంత మేర ఉందో చెప్పేవే సి, ఎం; అవి దశలు కావు, సెంటీమీటర్లు. నా రిపోర్టులో సి1 ఎం4 చూసి నేనూ నాలుగో దశ అనుకున్నాను. ఆ రాత్రి కంటిమీద కునుకు లేదు.

మర్నాడు డాక్టరుగారు ఫొటోలు తెరమీద పెట్టి చూపించారు. అన్నవాహిక లోపొర మామూలుగా లేత గులాబీ రంగులో ఉంటుంది. ఏళ్ల తరబడి ఆమ్లం ఎగదన్ని నాకు అడుగుభాగం ఎర్రబారింది. అందులోంచి ఒక పాయ నాలుకలా పైకి పాకింది. ఎండోస్కోపీ గొట్టం మీద సెంటీమీటర్ల గుర్తులుంటాయి; పళ్ల దగ్గర ఏ అంకె వచ్చిందో చూసి లెక్క కడతారు. నాకు అన్నవాహిక ముగిసే చోటు, అంటే జీర్ణాశయపు మడతల పైఅంచు, 40 దగ్గర, చుట్టూ కమ్మిన ఎరుపు 39 వరకు, నాలుక కొస 36 దగ్గర. చుట్టూ కమ్మిన మేర సి, అన్నిటికన్నా పైకి పాకిన మేర ఎం; అందుకే సి1, ఎం4. 2006లో వెలువడిన ప్రేగ్ వర్గీకరణ ఇదే.

పొడవు పెరిగేకొద్దీ ముప్పు కొంత పెరిగే మాట నిజమే. కానీ కణాలు చెడ్డాయో లేదో తేల్చేది బయాప్సీ. నారోబ్యాండ్ అనే ప్రత్యేక కాంతిలో పొర గీతలు, సన్నని రక్తనాళాలు చెదిరినట్టు కనిపించిన చోటినుంచి విడిగా ముక్క తీయాలి. ఆపైన ప్రతి 2 సెంటీమీటర్లకూ నాలుగు వైపుల నుంచీ తీయాలి. 5 సెంటీమీటర్ల మేర ఉన్నప్పుడు రెండు మూడు ముక్కలతో సరిపెట్టి ‘ఏమీ లేదు’ అంటే నేనైతే ఒప్పుకోను.

నా మొదటి బయాప్సీలో ‘తక్కువ స్థాయి డిస్‌ప్లేసియా’ అని వచ్చింది; అంటే క్యాన్సర్‌కు ముందు దశగా కణాల్లో వచ్చే మార్పు. అప్పటికి లోపల పుండ్లు మానలేదు. వాపు ఉంటే మంచి కణాలు కూడా చెడినట్టే కనిపించవచ్చని నాకెవరూ ముందుగా చెప్పలేదు; ఆ బాధ ఇప్పటికీ ఉంది. రెండు నెలలు ఆమ్లం తగ్గించే మాత్రలు వేసుకుని మళ్లీ చేయించుకున్నాను. ఈసారి స్లైడ్లను జీర్ణకోశ వ్యాధుల్లో అనుభవమున్న మరో పాథాలజిస్టు (ముక్కల్ని మైక్రోస్కోపులో పరీక్షించే డాక్టరు) కూడా చూశారు. డిస్‌ప్లేసియా లేదని తేలింది.

మీ నాన్నగారికీ లేదని వస్తే, 3 సెంటీమీటర్లు దాటిన వారికి సాధారణంగా మూడేళ్లకు మళ్లీ ఎండోస్కోపీ చేస్తారు. ఉందని వస్తే మాత్రం, చికిత్సకు సరేననే ముందు ఆ స్లైడ్లను రెండో పాథాలజిస్టుకు చూపించమని గట్టిగా అడగండి.