తొలితరం రగ్బీ ఆటగాళ్ళు ఆట మీదే బతికేవారా?

లేదండి. రగ్బీ యూనియన్‌లో (జట్టుకి పదిహేనుమంది ఆడే అసలు రగ్బీ) ఆడినందుకు డబ్బు తీసుకోవడమే 1995 దాకా రూల్స్‌కి విరుద్ధం. అప్పటివాళ్ళ బతుకు ఎలా ఉండేదో ఒక్క మనిషి కథతో చెప్తాను.

మేం ఉండేది న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో. ఈడెన్ పార్క్ స్టేడియం బయట న్యూజిలాండ్ జట్టు పాతకాలపు రగ్బీ కెప్టెన్ డేవ్ గల్లహర్ కంచు విగ్రహం ఉంది. క్రికెట్‌కి వెళ్ళే మన తెలుగువాళ్ళు దాని పక్కనుంచే లోపలికి వెళ్ళిపోతారు. ఆయనెవరో నాకు ఆఫీసులో ఒక కివీ పెద్దాయన చెప్పాడు, ఆ తర్వాత నేనే వెతికి చదువుకున్నాను.

గల్లహర్ 1873లో ఐర్లాండ్‌లో పుట్టాడు. ఐదేళ్ళు నిండకముందే కుటుంబం ఓడెక్కి న్యూజిలాండ్ వచ్చేసింది. తల్లి టీచరు, ఇల్లు నడిచింది ఎక్కువగా ఆవిడ జీతం మీదే. ఆవిడ క్యాన్సర్‌తో పోయేనాటికి ఈయనకు పద్నాలుగేళ్ళు కూడా లేవు. పెద్దయ్యాక మాంసం ఐసులో నిల్వచేసే ఫ్యాక్టరీలో పనిచేశాడు. కోసిన జంతువుల బరువులు మొయ్యడమే ఆయనకు జిమ్ము.

1905లో న్యూజిలాండ్ జట్టుకి కెప్టెన్‌గా బ్రిటన్ టూరుకెళ్ళాడు. చేతిఖర్చుకి రోజుకి మూడు షిల్లింగులు, అంతే. మొదటి మ్యాచ్‌లోనే డెవన్ జట్టుని 55-4తో చిత్తు చేశారు. మొత్తం 35 ఆడి 34 గెలిచారు, ఓడింది వేల్స్ చేతిలో ఒక్కటే, 0-3తో. టూరు లాభం వేల పౌండ్లు న్యూజిలాండ్ రగ్బీ బోర్డుకి పోయింది. చిర్రెత్తదా మరి? ఆయనతో ఆడినవాళ్ళే కొందరు 1907లో డబ్బులిచ్చే మరో రకం రగ్బీకి వెళ్ళిపోయారు. గల్లహర్ మాత్రం వెళ్ళలేదు.

తిట్లు మాత్రం బాగానే తిన్నాడు. స్క్రమ్‌లోకి (రెండు జట్లవాళ్ళూ తలలు వంచి ఒకరినొకరు తోసుకునే గుంపు) బంతి తనే వేసి, దాని వెనక బంతి అందుకునే తమ హాఫ్‌బ్యాక్ మీదికి ఎవరూ రాకుండా అడ్డంగా నిలబడేవాడు. పాత ఫొటోల్లో కాళ్ళకి దెబ్బ తగలకుండా షిన్‌ప్యాడ్లు కట్టుకుని కనిపిస్తాడు, ఎన్ని తన్నులు తినేవాడో! ఇంగ్లిష్ పత్రికలు అది తొండాట అన్నాయి. నన్నడిగితే తొండి కాదు, రూల్స్‌లో ఉన్న సందుని తెలివిగా వాడుకోవడం.

అంతకుముందు, 1901లో దక్షిణాఫ్రికాలో బ్రిటిష్‌వాళ్ళ తరఫున బోయర్ యుద్ధానికి వెళ్ళేటప్పుడు వయసు మూడేళ్ళు తగ్గించి రాయించాడు. మొదటి ప్రపంచ యుద్ధానికి ఆయన వెళ్ళాల్సిన పనే లేదు, వయసు దాటిపోయింది, భార్యా కూతురూ ఉన్నారు. అయినా వెళ్ళాడు. 1917 అక్టోబరు 4న బెల్జియంలో చనిపోయాడు. అప్పటికి 43 ఏళ్ళు, సమాధిరాయి మీద మాత్రం 41 అనే ఉంది.

ఆక్లాండ్ క్లబ్బులు 1922 నుంచి గల్లహర్ షీల్డ్ కోసం ఆడుతున్నాయి. ఆ ఆడే కుర్రాళ్ళలో చాలామంది ఇప్పటికీ వేరే ఉద్యోగం మీదే బతుకుతారు.