సీజీన్యాట్ వెనక చెరువు కెమెరా: ఐపీవీ6 ఆన్ చేస్తే పని అవుతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఊళ్లో కొత్తగా ఫైబర్ నెట్ పెట్టించుకున్నారు. రొయ్యల చెరువు గట్టు మీది షెడ్డులో కెమెరా, ఏరేటర్ల (నీళ్లలో గాలి కలిపే మోటార్ల) ప్యానెల్ ఉన్నాయి. పాత బ్రాడ్‌బ్యాండ్‌లో పోర్ట్ ఫార్వార్డ్ (బయటినుంచి వచ్చే పిలుపుని రూటర్ దాటించి కెమెరాకి చేర్చే ఏర్పాటు) చేసుకుని ఫోన్లో చూసేవారు, ఇప్పుడు అది రావడం లేదు. స్టాటిక్ ఐపీ (మారని సొంత ఇంటర్నెట్ అడ్రసు) కావాలంటే నెలకి విడిగా డబ్బు అడుగుతున్నారు. ఎవరో "ఐపీవీ6 ఆన్ చేసుకో, అయిపోతుంది" అన్నారు. అది నిజమేనా, అసలు దీంతో కొత్తగా ఏం చేయొచ్చు అని అడిగారు.

సగం నిజమండి. ఐపీవీ6 అంటే ఇంటర్నెట్ అడ్రసులిచ్చే కొత్త పద్ధతి, పాతది ఐపీవీ4. నేను పశ్చిమ గోదావరిలో ఒక చిన్న ఇంటర్నెట్ కంపెనీలో నెట్‌వర్క్ పని చూస్తాను. మా లైన్ల మీద ఐపీవీ6 ఎక్కించింది నేనే, మొదటి నెల దాన్ని పాడుచేసిందీ నేనే. అందుకే జవాబు కాస్త పెద్దదవుతుంది.

ముందు మీ పోర్ట్ ఫార్వార్డ్ ఎందుకు పోయిందో చూద్దాం. రూటర్ పేజీ తెరిచి వాన్ (బయటి లైను) స్టేటస్‌లో ఐపీ ఏముందో చూడండి. 100.64 నుంచి 100.127 మధ్య ఏదైనా ఉంటే మీరు సీజీన్యాట్ వెనక ఉన్నట్టు. కొందరు 10తో మొదలయ్యేవి కూడా ఇస్తారు, అదీ ఇదే బాపతు. ఒక పబ్లిక్ ఐపీని మీతోపాటు పదుల ఇళ్లు పంచుకుంటున్నాయన్నమాట. ఒక్కో అడ్రసుకి ఉండేవి 65 వేల చిల్లర పోర్టులు (తలుపు నంబర్లలాంటివి), ఇంటికి వెయ్యి చొప్పున పంచితే 60 పైచిలుకు ఇళ్లు సర్దుకుంటాయి. మీరు బయటికి ఏదైనా అడిగితే జవాబు సరిగ్గా తిరిగొస్తుంది, ఎవరు అడిగారో మాలాంటి కంపెనీ దగ్గరున్న బాక్సు రాసిపెట్టుకుంటుంది కాబట్టి. బయటివాళ్లు వాళ్లంతట వాళ్లు వచ్చి పిలిస్తే మాత్రం, భీమవరం నడిరోడ్డు మీద "రాజుగారూ" అని కేకేసినట్టే. ఏ రాజుగారని పలకాలి? మీ రూటర్లో మీరు తెరిచిన పోర్టు బాగానే ఉంది. దానికంటే ముందున్న మా బాక్సులో అది తెరిచి లేదు, ఇంటింటికీ తెరవడం మాకు కుదరదు కూడా.

స్టాటిక్ ఐపీకి డబ్బెందుకంటే, సరుకు లేదు. ఐపీవీ4లో మొత్తం అడ్రసులే 429 కోట్లు. 2011 ఫిబ్రవరి 3న ప్రపంచం మొత్తానికి మిగిలిన చివరి ఐదు పెద్ద బ్లాకులు పంచేశారు. అదే ఏప్రిల్‌కల్లా మన ఆసియా పసిఫిక్ వాటా కూడా అడుక్కి చేరింది. 2019 నుంచి ఇక్కడ కొత్త సంస్థకి ఇచ్చేది గరిష్ఠంగా 512 అడ్రసులు. ఐదారు వేల కనెక్షన్లున్నవాడు 512 పెట్టుకుని ఏం చేస్తాడు? అదే ఐపీవీ6లో మాలాంటి చిన్న కంపెనీకి మామూలుగా దొరికే /32 బ్లాకులోంచి (గీత పక్కన అంకె ఎంత చిన్నదైతే వాటా అంత పెద్దది) ఇంటికొక /56 చొప్పున ఇచ్చుకుంటూ పోయినా కోటీ 67 లక్షల ఇళ్లకి సరిపోతుంది. ఆ ఒక్కో ఇంటి వాటాలో 256 విడి నెట్‌వర్కులు పెట్టుకోవచ్చు.

ఇంత ఉన్నా మొదట్లో నా చెయ్యి రాలేదు. ఐపీవీ4 అలవాటు ప్రకారం పొదుపు చేసి ఇంటికి ఒక్క /64, అంటే ఒకే నెట్‌వర్కుకి సరిపడా వాటా, మాత్రమే ఇచ్చాను. మేడమీద రెండో రూటర్ పెట్టుకున్న ఇళ్లలో దానికి ఐపీవీ6 అందలేదు. ఇది చిన్న తప్పు, ఒక్క రోజులో దిద్దుకున్నాను.

పెద్ద తప్పు ఇంకొకటి. ఐసీఎంపీ (నెట్‌వర్కు పరికరాలు ఒకదానికొకటి పంపుకునే కబుర్లు, ఉన్నావా అని అడిగే పింగ్ వీటిలో ఒకటి) కనిపిస్తే కట్టేయడం నాకు చాలాకాలంగా ఉన్న దురలవాటు. పింగ్‌కి జవాబు రాకపోతే దొంగ రాడని నమ్మకం. ఆ రూలునే ఐపీవీ6కి కాపీ కొట్టి, రెండు దిక్కులా కట్టేశాను. మర్నాటి నుంచి ఫోన్లే ఫోన్లు. చాలా సైట్లు వస్తున్నాయి, వీడియోలు వస్తున్నాయి, కొన్ని పేజీలు మాత్రం సగం తెరుచుకుని గిరగిరా తిరుగుతున్నాయి. స్పీడ్ టెస్ట్ చేస్తే ఫుల్. మూడు రోజులు నాకు తల తిరిగింది. చివరికి ల్యాప్‌టాప్ పట్టుకుని ఒక పెద్దాయన ఇంట్లో కూర్చున్నాను. ఆయనకి పెన్షన్ పేజీ రావడం లేదు. ఎందుకో అనుమానమొచ్చి ల్యాప్‌టాప్ ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు, బైట్లలో) 1500 నుంచి 1492కి తగ్గించాను. పేజీ టక్కున వచ్చింది. ఆయన "మళ్లీ పోదు కదా బాబూ" అన్నారు. నాకు మాత్రం సిగ్గేసింది.

కారణం ఇదీ. మా లైన్లు పీపీపీఓఈ (యూజర్‌నేమ్‌తో లాగిన్ అయ్యే పద్ధతి) మీద నడుస్తాయి, దానికి 8 బైట్లు పోగా ప్యాకెట్‌కి మిగిలేది 1492. ఐపీవీ4లో పెద్ద ప్యాకెట్ వస్తే దారిలో ఉన్న రూటర్ దాన్ని ముక్కలు చేసి పంపగలదు. ఐపీవీ6లో దారిలో ఎవరూ ముక్కలు చేయరు. "ప్యాకెట్ టూ బిగ్" అని పంపినవాడికి తిరిగి కబురు చేస్తారు, వాడు చిన్నవి చేసి పంపుతాడు. ఆ కబురు వెళ్లేది ఐసీఎంపీలోనే. నేను కట్టేసింది దాన్నే. అటువైపు సర్వర్ పంపినవే మళ్లీ మళ్లీ పంపుతోంది, మా రూటర్ పారేస్తోంది. ఐపీవీ6 రాకపోతే బ్రౌజర్ చప్పుడు చేయకుండా ఐపీవీ4కి మారిపోతుంది కదా అనొచ్చు. కనెక్షన్ మొదలయ్యేది చిన్న ప్యాకెట్లతో కాబట్టి అది సజావుగానే మొదలవుతుంది. అంతా బాగుందనుకుని బ్రౌజర్ అక్కడే ఉండిపోతుంది.

ఇది దిద్దుకున్నాక ఇంకో సంగతి బయటపడింది. లింకు తెగి కలిసిన ప్రతిసారీ ఇంటికి కొత్త అడ్రసుల వాటా వస్తోంది. మన ఊళ్లలో కరెంటు రోజుకి ఎన్నిసార్లు పోయి వస్తుందో మీకు చెప్పాలా? పోయి వచ్చినప్పుడల్లా కెమెరా అడ్రసు మారిపోతుంటే ఏం చూస్తారు? ఇప్పుడు ఒక్కో కస్టమర్ యూజర్‌నేమ్‌కి ఒక /56 శాశ్వతంగా కట్టేశాం. మీ కంపెనీవాళ్లని ముందుగా అడగాల్సింది ఇదే. "ఐపీవీ6 ఉందా" అంటే అందరూ ఉందనే అంటారు. "ప్రిఫిక్స్ (ఇంటి అడ్రసుల వాటా) మారకుండా ఇస్తారా, /56 ఇస్తారా" అని అడగండి. తెల్లముఖం వేస్తే పై స్థాయివాళ్లతో మాట్లాడించమనండి. మాలో చాలామంది దీనికి డబ్బు తీసుకోరు, అడ్రసులకు కరువు లేదు కాబట్టి.

(మా కంప్లైంట్ పోర్టల్ సంగతి కూడా చెప్పాలి. ఎవరో పుణ్యాత్ముడు డేటాబేస్‌లో ఐపీ కాలమ్‌కి 15 అక్షరాలే ఇచ్చాడు. ఐపీవీ6 అడ్రసు పూర్తిగా రాస్తే 39. మూడు వారాల లాగుల్లో అన్నీ మొండి అడ్రసులే. మీరు సాఫ్ట్‌వేర్ రాసేవారైతే ఈ రోజే వెళ్లి చూసుకోండి.)

ఇక మీ చెరువు సంగతి. మీ డీవీఆర్ (కెమెరా రికార్డింగ్ పెట్టె) పాతదైతే దానికి ఐపీవీ6 తెలియకపోవచ్చు. తెలిసినా నేరుగా బయటికి తెరవొద్దు. ఐపీవీ4లో న్యాట్ (ఒక పబ్లిక్ అడ్రసుని అందరూ పంచుకునే ఏర్పాటు) ఉండటం వల్ల, దానికోసం పెట్టకపోయినా, ఇంట్లో వస్తువులు చాటున ఉండేవి. ఐపీవీ6లో ప్రతి వస్తువుకీ సొంత పబ్లిక్ అడ్రసు, ఆ చాటు పోతుంది. కాపలా అంతా రూటర్లోని ఐపీవీ6 ఫైర్‌వాల్‌దే. కొన్ని చవక ఫైబర్ బాక్సుల్లో అది డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది. మేం టెస్టింగ్ చేస్తున్నప్పుడు మా ఆఫీసు కుర్రాడి ఇంట్లో ప్రింటర్ పేజీ నా మొబైల్ డేటాలో తెరుచుకుంది. పాస్‌వర్డ్ అడగలేదు. నల్ల ఇంకు 12 శాతం ఉందని నేను చెబితే వాడు బిత్తరపోయాడు.

ఐపీవీ4 అడ్రసులన్నిటినీ గంటలోపు స్కాన్ చేసేయొచ్చు. ఒక్క /64లో 18 పక్కన 18 సున్నాలు పెట్టినన్ని అడ్రసులుంటాయి, వరసగా తడుముకుంటూ మీ కెమెరా దాకా ఎవడూ రాలేడు. అది చూసుకుని ధీమాగా ఉండొద్దు. కెమెరా తన కంపెనీ సర్వర్‌కి ఫోన్ చేసినప్పుడల్లా తన అడ్రసు తానే చెబుతుంది.

నేను మా బావగారి చెరువు దగ్గర పెట్టింది చెబుతాను. షెడ్డులో ఫైబర్ బాక్సు పక్కన ఒక రాస్ప్‌బెరీ పై (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్), అందులో వైర్‌గార్డ్ (బయటినుంచి లోపలి నెట్‌వర్కులోకి తాళం వేసిన సొరంగంలాంటి దారి). రూటర్ ఫైర్‌వాల్‌లో ఆ ఒక్క వస్తువుకి, యూడీపీ 51820 ఒక్క పోర్టు తెరిచాను. ఇంకేం తెరవలేదు. ఒక డైనమిక్ డీఎన్‌ఎస్ పేరు (అడ్రసుకి బదులు వాడుకునే పేరు) తీసుకుని క్వాడ్-ఏ రికార్డులో దాని ఐపీవీ6 అడ్రసు పెట్టాను. ఫోన్లో వైర్‌గార్డ్ ఆన్ చేస్తే షెడ్డులో కూర్చున్నట్టే, పాత డీవీఆర్ కూడా 192.168 లోపలి అడ్రసు మీదే కనిపిస్తుంది. దానికి ఐపీవీ6 రాకపోయినా నష్టం లేదు. సీజీన్యాట్, స్టాటిక్ ఐపీ గొడవ పోయింది.

ఇబ్బందులు లేకపోలేదు. ఫోన్ ఉన్నచోట కూడా ఐపీవీ6 ఉండాలి. మొబైల్ డేటాలో దాదాపు ఎప్పుడూ ఉంటుంది. ఆఫీసు వైఫైలో, లాడ్జిలో ఉండకపోవచ్చు, అప్పుడు వైఫై ఆపి డేటాకి మారాల్సిందే. చెరువు దగ్గర ఫైబర్ లేక సిమ్ రూటర్ పెట్టుకుంటే మాత్రం ఈ పద్ధతి కుదరకపోవచ్చు. నేను పెట్టి చూసిన సిమ్‌లో ఐపీవీ6 అడ్రసు వచ్చింది కానీ బయటినుంచి వచ్చే కనెక్షన్లని ఆపరేటర్ దగ్గరే ఆపేస్తున్నారు.

నెట్‌వర్క్‌తో సంబంధం లేని మాట ఒకటి. బావగారి చెరువులో ఒకరోజు తెల్లవారుజామున మూడింటికి కరెంటు పోయింది. చెరువు నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయేది ఆ వేళకే, ఏరేటర్లు ఆగితే సరుకు పైకి తేలుతుంది. కరెంటుతోపాటు ఫైబర్ బాక్సూ ఆగిపోయింది. ఐపీవీ6 ఉంది, వైర్‌గార్డ్ ఉంది, ఫోన్లో ఏమీ కనిపించలేదు. కాపలా మనిషి లేచి జనరేటర్ వేశాడు కాబట్టి పంట దక్కింది. తర్వాత ఫైబర్ బాక్సుకీ, రాస్ప్‌బెరీ పైకీ కలిపి 12 వోల్టుల చిన్న యూపీఎస్ పెట్టాను. కరెంటు పోతే సిమ్ నుంచి ఫోన్ కొట్టే అలారం కూడా పెట్టించాను. ఏరేటర్లని ఫోన్లోంచి ఆన్, ఆఫ్ చేసే ఏర్పాటు మాత్రం చేయలేదు. నెట్ మీద నమ్మి మూడు ఫేజుల మోటార్లు వదిలే ధైర్యం నాకు లేదు, నెట్ నడిపేది నేనే అయినా.

కొత్తగా ఏం చేయొచ్చన్నారు. మీరు ఇప్పటికే వాడుతున్నారండి. 2016 సెప్టెంబరులో జియో 2జీ, 3జీ లేకుండా నేరుగా 4జీతో దిగినప్పుడు ఐపీవీ6 మీదే దిగింది. కాల్ కూడా ఐపీ ప్యాకెట్‌గానే వెళ్తుంది. అన్ని కోట్ల ఫోన్లకి ఐపీవీ4 ఎక్కణ్నుంచి తెస్తారు? ఈరోజు గూగుల్ లెక్కల్లో మన దేశపు వాడకందారుల్లో మూడింట రెండు వంతులకు పైగా ఐపీవీ6 మీదే ఉన్నారు. మీ ఆండ్రాయిడ్ ఫోన్లో డేటా ఆన్ చేసి, అబౌట్ ఫోన్‌లో ఐపీ అడ్రసు చూడండి. పొడుగాటి ఐపీవీ6 అడ్రసు పక్కన 192.0.0.4 అని ఉంటే, ఆ నెట్‌వర్కులో మీకు ఐపీవీ4 అసలు లేదని అర్థం. పాత యాప్‌ల కోసం ఫోన్ తనలో తానే ఒక దొంగ ఐపీవీ4 సృష్టించుకుని, బయటికి ఐపీవీ6గా మార్చి పంపుతోంది.

నాకు ముచ్చటగా అనిపించేది మాత్రం చిన్న వస్తువుల వ్యవహారం. మ్యాటర్ (స్మార్ట్ వస్తువుల ప్రమాణం) అని రాసి ఉన్న బల్బులు, స్విచ్చులు నడిచేది ఐపీవీ6 మీదే. వాటిలో థ్రెడ్ అనే తక్కువ కరెంటు రేడియో వాడేవాటికి ఒక్కో ఫ్రేము (ఒక్కసారి పంపే మూట) 127 బైట్లకు మించదు. ఐపీవీ6 హెడర్ (ప్యాకెట్ ముందుండే అడ్రసుల భాగం) ఒక్కటే 40 బైట్లు. సిక్స్‌లోప్యాన్ అనే పద్ధతి ఆ 40ని కుదించి, వీలైనచోట రెండు మూడు బైట్లకి తెస్తుంది. అందుకే బటన్ సెల్‌తో నడిచే సెన్సర్‌కి కూడా సొంత ఐపీ అడ్రసు ఉంటుంది. చెరువులో ఆక్సిజన్ మీటర్, పీహెచ్ మీటర్, గట్టుమీద ఉష్ణోగ్రత సెన్సర్ ఇలా పెట్టాలని నాకు ఆశ. ప్రస్తుతానికి ఉప్పునీటికి తుప్పు పట్టని ప్రోబ్ చవగ్గా దొరకడం దగ్గరే ఆగిపోయాను.

సర్వర్ అద్దెకి తీసుకుని ఏదైనా నడుపుతుంటే ఇంకో లాభం. 2024 ఫిబ్రవరి 1 నుంచి అమెజాన్ క్లౌడ్‌లో ప్రతి పబ్లిక్ ఐపీవీ4 అడ్రసుకి గంటకి అర సెంటు వసూలు చేస్తున్నారు, నెలకి మూడున్నర డాలర్ల పైన. ఐపీవీ6కి ఆ చార్జీ లేదు. మా మానిటరింగ్ సర్వర్లు రెండింటికి ఐపీవీ4 తీసేశాం, ఇంతవరకు ఎవరికీ తేడా తెలియలేదు.

మీరు ముందు వాన్ పేజీలో ఐపీవీ4 దగ్గర ఏముందో, ఐపీవీ6 ప్రిఫిక్స్ చివర /56 ఉందో /64 ఉందో చూసి కింద రాయండి. అడ్రసు మొత్తం పెట్టకండి, ఆ చివరి అంకె చాలు. రూటర్ మోడల్ కూడా చెబితే ఫైర్‌వాల్ ఆప్షన్ ఏ మెనూలో దాక్కుందో చెబుతాను.