బటన్‌కు ఏ పని అప్పజెప్పాలి

కడప

తమ్ముడూ,

నీ కథ చదివాను. ఎద్దుల్ని అమ్మే ఘట్టం గురించి విడిగా రాస్తాను. ఈ ఉత్తరం నువ్వడిగిన వర్డ్ సంగతి గురించే. డబుల్ స్పేస్‌లు తీసేయడానికి, కామాల ముందు ఖాళీలు సరిచేయడానికి ప్రతి కథకూ ఒక రాత్రి పోతోందన్నావు. ఆ పనికి మాక్రో రికార్డు చేసి, టూల్‌బార్‌లో ఒక బటన్ పెట్టుకో. మాక్రో అంటే నువ్వు ఒకసారి చేసి చూపిన పనుల వరసను గుర్తుపెట్టుకుని, అడిగినప్పుడల్లా మళ్లీ చేసిపెట్టేది.

వ్యూ ట్యాబ్‌లో మాక్రోస్ కింద రికార్డ్ మాక్రో నొక్కు. పేరులో స్పేస్ ఉండకూడదు. అక్కడే ఉన్న బటన్ గుర్తు నొక్కితే క్విక్ యాక్సెస్ టూల్‌బార్ పేజీ వస్తుంది. మాక్రోను యాడ్ చేసి, మాడిఫైలో నచ్చిన బొమ్మ ఎంచుకో. ఓకే కొట్టాక నువ్వు చేసేదంతా రికార్డవుతుంది. కంట్రోల్ హెచ్ కొట్టి, ఫైండ్‌లో రెండు స్పేస్‌లు, రీప్లేస్‌లో ఒకటి పెట్టి రీప్లేస్ ఆల్ ఇవ్వు. ఐదు స్పేస్‌లున్న చోట ఒక విడతకు మూడు మిగులుతాయి, అందుకే మూడుసార్లు ఇవ్వాలి. కామా ముందు స్పేస్‌కూ ఇలాగే చేసి రికార్డింగ్ ఆపేయ్. వర్డ్ బదులు లిబ్రే ఆఫీస్ వాడితే ముందు ఆప్షన్స్‌లోని అడ్వాన్స్‌డ్‌లో మాక్రో రికార్డింగ్ ఆన్ చేయాలి.

ఇక నువ్వడిగిన రెండో బటన్. 'యాడికి', 'పోతాండావు' కింద ఎర్రగీతలు వస్తున్నాయని, వాటన్నిటినీ ఒక్క దెబ్బతో మార్చేయాలని రాశావు. అది మాత్రం వద్దు. 'ఆడ'ను 'అక్కడ'గా మార్చమంటే నీ కథలోని ఆడపిల్ల 'అక్కడపిల్ల' అయిపోతుంది. ఇది ప్రూఫ్‌లో దొరికే తప్పే. దొరకని నష్టం ఇంకొకటుంది. నీ కథలో పెద్దాయన "యాడికి పోతాండావు?" అంటాడు, హైదరాబాద్‌లో చదివొచ్చిన కొడుకు "ఎక్కడికి వెళ్తున్నావు?" అంటాడు. వాళ్లిద్దరి మధ్య దూరమంతా ఆ రెండు మాటల్లోనే ఉంది. బటన్ నొక్కితే ఇద్దరూ ఒకే గొంతుతో మాట్లాడతారు. మన కడపలో బ్రౌన్ దొర తాళపత్రాలకు నకళ్లు రాయించి ఊరుకోలేదు, ఏ పాఠం సరైనదో పండితుల చేత పోల్చి చూపించాడు. నకలు పని బటన్‌కు ఇవ్వు, పాఠం తేల్చే పని నీ దగ్గరే పెట్టుకో. ఎర్రగీత చికాకు పెడితే ఆ మాట మీద రైట్ క్లిక్ చేసి యాడ్ టు డిక్షనరీ ఇస్తే సరి. కథనంలో ఎక్కడైనా యాస ఎక్కువైందనిపిస్తే, ఫైండ్ నెక్స్ట్‌తో ఒక్కొక్క చోటా ఆగి, పైకి చదివి చూసుకో. దానికి ఒక సాయంత్రం పట్టినా పట్టనీ.

మాక్రో నడిపే ముందు కథకు ఇంకో కాపీ సేవ్ చెయ్. సేవ్ చేసి మూసేశాక అన్‌డూ పనిచేయదు. నువ్వు రికార్డు చేసిన మాక్రో నీ కంప్యూటర్‌లోని నార్మల్ టెంప్లేట్ అనే వర్డ్ ఫైల్లోనే ఉంటుంది, ఏడురోడ్ల దగ్గర డీటీపీ షాపులో ఆ బటన్ కనబడదు. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించేలోపే ఇంట్లో నడిపేయ్. తెలియనివాళ్లు మాక్రోలున్న ఫైలు పంపితే ఎనేబుల్ నొక్కొద్దు, వైరస్‌లు ఆ దారిన కూడా వస్తాయి.

ఆశీస్సులతో,
అన్న