కుక్కలో గుండె పురుగు బయటపడింది, పిల్లులకూ సోకుతుందా?

ప్రశ్న: మా కాపలా కుక్కకు రక్తపరీక్షలో గుండె పురుగు ఉన్నట్లు తేలింది. ఎలుకల బెడదకు పెంచుతున్న రెండు పిల్లులలో ఒకటి నెల రోజులుగా దగ్గుతోంది, అప్పుడప్పుడు వాంతి చేసుకుంటోంది. ఈ పురుగు పిల్లులకూ వస్తుందా? పశువులకు వేసే ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ వీటికి వేయవచ్చా?

జవాబు: వస్తుంది. అయితే కుక్క నుంచి నేరుగా కాదు, దోమ ద్వారా వస్తుంది. వ్యాధి ఉన్న కుక్క రక్తంతో పాటు దోమ పీల్చుకున్న సూక్ష్మమైన పిల్ల పురుగులు, వెచ్చని వాతావరణంలో సుమారు రెండు వారాలకు దాని ఒంట్లోనే సోకే దశకు ఎదిగి, ఆ దోమ పిల్లిని కుట్టినప్పుడు ఆ గాటు గుండా లోపలికి చేరతాయి. కనుక కుక్కకు చికిత్స పూర్తి చేయించడం కూడా పిల్లులను కాపాడుకోవడంలో భాగమే. గడప దాటని పిల్లికి భయం లేదనుకోకండి, దోమ ఇంట్లోకీ వస్తుంది.

పిల్లి శరీరం ఈ పురుగుకు అంతగా అనుకూలించదు. చాలా పురుగులు ఎదగకముందే చనిపోతాయి, పెద్దవైనవి సాధారణంగా ఒకటి నుంచి మూడుకు మించవు. ఇది ఊరటగా తోచినా, అసలు హాని అక్కడే మొదలవుతుంది. సోకిన మూడు, నాలుగు నెలలకు ఊపిరితిత్తుల రక్తనాళాలకు చేరిన లేత పురుగులు అక్కడ చనిపోవడంతో తీవ్రమైన వాపు వచ్చి, పిల్లి నేలకు ఒదిగి, మెడ ముందుకు చాచి దగ్గుతుంది, ఎగశ్వాస తీస్తుంది. చూసినవారు ఉబ్బసమనో, వెంట్రుకల ఉండ అడ్డుపడిందనో పొరబడతారు. తిండితో సంబంధం లేని వాంతులు, బరువు తగ్గడం కూడా కనిపిస్తాయి. కొన్ని పిల్లులైతే ముందస్తు సూచన ఏదీ లేకుండానే కుప్పకూలి చనిపోతాయి.

కుక్కలో వ్యాధిని పట్టించిన యాంటిజెన్ పరీక్ష (రక్తంలో పురుగు వదిలే పదార్థాన్ని వెతికేది) ప్రధానంగా ఎదిగిన ఆడ పురుగులనే గుర్తిస్తుంది. అందువల్ల పిల్లిలో ఆ పరీక్ష నెగటివ్ వచ్చినంత మాత్రాన వ్యాధి లేదని చెప్పలేము. యాంటీబాడీ పరీక్ష (పురుగుకు ఎదురుగా పిల్లి ఒంట్లో తయారయ్యే రక్షక పదార్థాలను వెతికేది), ఛాతీ ఎక్స్‌రే, అవసరమైతే గుండె స్కానింగ్ కలిపి చూడాలి. ఎదిగిన పురుగును చంపడానికి కుక్కలకు వాడే మెలార్సొమిన్ పిల్లులకు ప్రమాదకరం, దానికి బదులుగా సురక్షితమైన మరో మందూ లేదు. ప్రెడ్నిసొలోన్ వంటి వాటితో వాపును అదుపులో ఉంచుతూ, రెండు నుంచి నాలుగేళ్లు బతికే ఆ పురుగు ఆయువు తీరేదాకా కనిపెట్టుకుని ఉండడమే చికిత్స. అందుకే పిల్లి విషయంలో నివారణకే పెద్దపీట వేయమంటున్నాను.

పిల్లులకని తయారైన సెలామెక్టిన్ లేదా మాక్సిడెక్టిన్ చుక్కల మందును, నాలుకకు అందకుండా మెడ వెనుక వెంట్రుకలు పాయ తీసి చర్మం మీద, సెలామెక్టిన్ అయితే ఎనిమిది, మాక్సిడెక్టిన్ అయితే తొమ్మిది వారాల వయసు నుంచి నెలకొకసారి వేయాలి. ఇది గడచిన నెలలో చేరిన పిల్ల పురుగులను చంపుతుందే తప్ప ముదిరిన వాటిని కాదు, కాబట్టి నెల తప్పకూడదు.

పశువుల ఇంజెక్షన్ వేయవద్దు. 1 శాతం మందులో మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాముల ఐవర్‌మెక్టిన్ ఉంటుంది. ఈ పురుగు నివారణకు పిల్లికి కావలసింది కిలో బరువుకు 24 మైక్రోగ్రాములు మాత్రమే, అంటే 4 కిలోల పిల్లికి మిల్లీలీటరులో నూరో వంతు కన్నా తక్కువ. అంత కొద్ది మోతాదును సిరంజితో కొలవడం సాధ్యం కాదు, పొరపాటున ఎక్కువైతే నరాల మీద విషంలా పనిచేస్తుంది. కుక్కల పిడుదులకు వాడే పెర్మెత్రిన్ మందులు కూడా పిల్లి ప్రాణం తీయగలవు. దగ్గుతున్న పిల్లిని ఆలస్యం చేయకుండా పశువైద్యునికి చూపించండి, కుక్కకు గుండె పురుగు ఉందన్న సంగతి ముందుగానే చెప్పండి. రెండో పిల్లిని కూడా వెంట తీసుకెళ్లి, బరువు తూయించి, నివారణ మందు మొదలుపెట్టించండి.