పరవాడ క్యూఏ నుంచి క్లినికల్ రీసెర్చ్ పీజీ ట్రైనింగ్‌కి: ఆ రెండేళ్లు దాచుకోవద్దు

మీరు బీఫార్మసీ అయ్యాక రెండేళ్లుగా పరవాడ ఫార్మా సిటీలో క్యూఏలో, అంటే మందుల నాణ్యత చూసే క్వాలిటీ అస్యూరెన్స్‌లో, చేస్తున్నారు. ఇప్పుడు క్లినికల్ రీసెర్చ్‌లో, అంటే మందుల్ని మనుషుల మీద పరీక్షించే ట్రయల్స్ పనిలో, పీజీ ట్రైనింగ్‌కి అప్లై చేయాలి. వైజాగ్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్ లక్ష దాటి ఫీజు చెప్పి, వంద శాతం ప్లేస్‌మెంట్ అంటోంది. ఇంకొకటి ఆసుపత్రికి అనుబంధంగా నడిచే ఏడాది ప్రోగ్రాం. అక్కడ స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ (ఎందుకు చేరాలనుకుంటున్నారో మీరు రాసిచ్చేది), రెండు రికమెండేషన్ లెటర్లు, ఇంటర్వ్యూ ఉన్నాయి. ఏది మంచిది, స్టేట్‌మెంట్‌లో ఏం రాయాలి, పేషెంట్ మొహమే చూడని క్యూఏ ఉద్యోగాన్ని ఎలా కవర్ చేయాలి అని అడిగారు.

ఆ మూడో ప్రశ్న చూసే జవాబు రాద్దామనిపించింది. నేనూ మూడేళ్లు గాజువాకలో కంపెనీ బస్సెక్కి పరవాడ వెళ్లినవాణ్నే. మీరు చేయబోతున్న తప్పులన్నీ వరసగా చేసి వచ్చాను.

ముందు ఇన్‌స్టిట్యూట్ సంగతి. నేనూ మొదట ఒక చోట డబ్బు కట్టాను. పేరు అనవసరం. ఆర్నెల్ల కోర్సులో 'హాస్పిటల్ ట్రైనింగ్' అంటే ఒక శనివారం పొద్దున్న పాతికమందిని ఒక ఆసుపత్రికి తీసుకెళ్లి, కాన్ఫరెన్స్ హాల్లో కూర్చోబెట్టి, సమోసా పెట్టి పంపించడం. ట్రయల్‌లో చేరడానికి పేషెంట్ ఒప్పుకుని సంతకం పెట్టే కన్సెంట్ ఫారం ఒక్కటి కూడా చూపించలేదు. అలాగని ప్రైవేటు కోర్సులన్నీ మోసం అనను. కట్టే ముందు చూసుకునే దారి ఒకటి ఉంది, అప్పట్లో నాకది తెలీదు. మన దేశంలో 2009 జూన్ 15 నుంచి క్లినికల్ ట్రయల్స్‌ని సీటీఆర్ఐలో (క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ - ఇండియా) రిజిస్టర్ చేయడం తప్పనిసరి. ఆ సైట్ ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. ఏ ట్రయల్ ఏ ఆసుపత్రిలో, ఏ డాక్టరు కింద నడుస్తోందో ఉంటుంది. 'మాకు ఫలానా హాస్పిటల్‌తో టై-అప్ ఉంది' అనగానే ఆ పేరు అందులో వెతకండి. నడుస్తున్న ట్రయలే లేకపోతే మీరక్కడ నేర్చుకునేది ఏముంటుంది? ఉంటే అప్పుడు అడగాల్సింది ఒక్కటే: వారానికి ఎన్ని రోజులు, ట్రయల్ రోజువారీ పని చూసే ఏ కోఆర్డినేటర్ పక్కన కూర్చోబెడతారు? దీనికి తిన్నగా జవాబు రాకపోతే లేచి వచ్చేయండి. వంద శాతం ప్లేస్‌మెంట్ మాట నేనైతే లెక్కలోకి తీసుకోను.

నన్నడిగితే ఆసుపత్రి ప్రోగ్రామే నయం. కాకపోతే అక్కడ సీటు రావడం కష్టం. నాకు మొదటిసారి రాలేదు.

ఎందుకు రాలేదో చెప్తాను. నా స్టేట్‌మెంట్ 'చిన్నప్పటి నుంచి మానవాళికి సేవ చేయాలని' అంటూ మొదలైంది. క్యూఏ గురించి ఒక్క లైను రాసి వదిలేశాను, మీలాగే సిగ్గుపడి. ఇంటర్వ్యూలో ఒక మేడమ్ అడిగారు: "షుగర్ మందు ట్రయల్‌లో ఉన్న పేషెంట్ బైక్ మీంచి పడి, కాలు విరిగి ఆసుపత్రిలో చేరాడు. సీరియస్ అడ్వర్స్ ఈవెంటేనా?" మందుకీ బైక్‌కీ సంబంధమేంటని, "కాదు మేడమ్" అన్నాను. ఆవిడ చిన్నగా తలూపి పక్కాయన వైపు చూశారు. అక్కడితో అయిపోయింది.

అది సీరియస్ అడ్వర్స్ ఈవెంటే, పొట్టిగా ఎస్ఏఈ, అంటే ట్రయల్‌లో ఉండగా పేషెంట్‌కి జరిగే తీవ్రమైన హాని. ఆసుపత్రిలో చేరితే చాలు, కారణం ఏదైనా సరే. ఇన్వెస్టిగేటర్, అంటే ట్రయల్ నడిపే డాక్టరు, 24 గంటల్లో రిపోర్ట్ చేయాలి. సంబంధం ఉందా లేదా అన్నది తర్వాత తేల్చే విషయం. కళ్లు తిరిగి పడ్డాడేమో, షుగర్ పడిపోయి పడ్డాడేమో మనకేం తెలుసు? ఇది 2019 నాటి న్యూ డ్రగ్స్ అండ్ క్లినికల్ ట్రయల్స్ రూల్స్‌లో స్పష్టంగా ఉంది. ఆ రూల్స్‌లో ఎస్ఏఈ రిపోర్టింగ్, ఎథిక్స్ కమిటీ (పేషెంట్ల రక్షణ చూసి ట్రయల్‌కి ఆమోదం ఇచ్చేది), నష్టపరిహారం, ఈ మూడూ తప్పకుండా చదువుకుని వెళ్లండి. జీసీపీ (గుడ్ క్లినికల్ ప్రాక్టీస్, ట్రయల్స్ ఎలా నడపాలో చెప్పే అంతర్జాతీయ మార్గదర్శకాలు) కూడా. అందులో ఆర్3 అనే కొత్త వెర్షన్ 2025 జనవరిలో ఖరారైంది, పాత నోట్సు పట్టుకుని వెళ్తే దొరికిపోతారు. తీరిక ఉంటే ఐసీఎంఆర్ వాళ్ల చెన్నై సంస్థ ఎన్ఐఈ నడిపే బేసిక్ కోర్స్ ఇన్ బయోమెడికల్ రీసెర్చ్ చూడండి, మెడికల్ పీజీలకు తప్పనిసరి చేసిన కోర్సు అది.

సీటు రాలేదని కొన్నాళ్లు ఏడుస్తూ కూర్చుని, తర్వాత కాలేజీలో సీనియర్ అక్క ఒకావిడ ఒక ఆసుపత్రిలో కోఆర్డినేటర్‌గా చేస్తోందని తెలిసి ఫోన్ చేశాను. ఆవిడ డాక్టరుగారిని అడిగి, నా చేత గోప్యత కాగితం మీద సంతకం పెట్టించుకుని, నా వీక్లీ ఆఫ్ రోజుల్లో వచ్చి కూర్చోనిచ్చింది. ఫైళ్లు ముట్టుకోవడానికి లేదు. పేషెంట్ ఒప్పుకుంటేనే గదిలో ఉండాలి.

రెండో వారం చోడవరం అవతల పల్లె నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. చదువు రాదు. అలాంటప్పుడు ట్రయల్‌తో ఏ సంబంధం లేని సాక్షి ఒకరు పక్కన ఉండాలి, ఉన్నారు. తెలుగు ఫారంలో 'యాదృచ్ఛికంగా ఒక సమూహానికి కేటాయించబడతారు' అని ఉంది. ఏ మహానుభావుడు అనువదించాడో! అక్క చదివింది. పెద్దావిడ, "అంటే ఏటమ్మా, చీటీలేసి తీత్తారా?" అంది.

"అవునమ్మా, అలాంటిదే. నీకు ఏ మందొచ్చిందో నాకూ తెలీదు, డాక్టరుగారికీ తెలీదు."

"మరి తెలిసినోడెవుడు?"

అక్క నవ్వలేదు. అవసరం పడితే ఎవరికి ఏ మందొచ్చిందో ఎలా విప్పి చూస్తారో, ఎవరి అనుమతితో చూస్తారో ఓపిగ్గా చెప్పింది. అంతా విని పెద్దావిడ "మా కొడుకునడిగొత్తాను" అని లేచింది. అక్క ఒక్క మాట కూడా బతిమాలలేదు, కాగితాలు చేతికిచ్చి పంపించింది. ఆవిడ మళ్లీ రాలేదు. ఆ పెద్దావిడ వచ్చిన తేదీ వేసి, కన్సెంట్ ఇవ్వలేదని స్క్రీనింగ్ లాగ్‌లో (ట్రయల్ కోసం చూసిన పేషెంట్ల జాబితా) రాసుకుని అక్క తర్వాతి పేషెంట్‌ని పిలిచింది.

రెండోసారి అప్లై చేసినప్పుడు నా స్టేట్‌మెంట్ ఆ పెద్దావిడ ప్రశ్నతోనే మొదలుపెట్టాను. ఊరు పేరు, జబ్బు పేరు ఏవీ రాయలేదు, మీరూ రాయకండి.

ఇక మీ క్యూఏ. అక్క పక్కన కూర్చున్న మొదటి రోజే నాకు నవ్వొచ్చింది. మానిటర్, అంటే ట్రయల్ రికార్డులు సరిచూసేవాడు, వచ్చి పేషెంట్ ఫైలు తిరగేస్తూ ఒక బీపీ రీడింగ్ దగ్గర ఆగాడు. అంకె మీద అంకె దిద్ది ఉంది. 'ఎవరు దిద్దారు, ఎప్పుడు, ఎందుకు?' అచ్చం మన ఆడిటర్ బీఎంఆర్ (బ్యాచ్ తయారీ రికార్డు) ముందేసుకుని అడిగే ప్రశ్నలే. తప్పు పడితే ఒక్క గీత కొట్టి, సరైనది పక్కన రాసి, సంతకం, తేదీ వేయాలి, వైట్‌నర్ జోలికి పోకూడదు. పని జరిగినప్పుడే రాయాలి, సాయంత్రం కూర్చుని గుర్తు తెచ్చుకుని కాదు. అల్కోవా అని, రికార్డు ఎవరు రాశారో తెలిసేలా, చదవగలిగేలా, అప్పటికప్పుడు, అసలుదిగా, సరిగ్గా ఉండాలని మనకి ఇండక్షన్‌లో చెప్పిందే ఇక్కడా నడుస్తుంది. కాలేజీ నుంచి నేరుగా వచ్చినవాళ్లకి ఇది వంటబట్టడానికి నెలలు పడుతుంది. మీకు రెండేళ్లుగా అలవాటే. డీవియేషన్ (పద్ధతి తప్పడం), కాపా (దాన్ని సరిదిద్ది మళ్లీ జరగకుండా చూడడం), ఎస్ఓపీ (పని చేయాల్సిన పద్ధతి రాసిన కాగితం), వెర్షన్ కంట్రోల్... ఎథిక్స్ కమిటీ ఆమోదించిన కన్సెంట్ ఫారం వెర్షన్ మారాక పాతదాని మీద సంతకం తీసుకుంటే ఎంత గొడవో మీకు ఒకరు వివరించాల్సిన పనిలేదు.

కాబట్టి 'క్యూఏలో రెండేళ్లు పనిచేశాను' అని వదిలేయకుండా, మీ చేతి మీదుగా వెళ్లిన ఒక్క డీవియేషన్ తీసుకుని ఏం జరిగింది, మీరెలా పట్టుకున్నారు, తర్వాత ఏం మారింది అన్నది ఆరేడు లైన్లలో రాయండి. కంపెనీ పేరు, ప్రొడక్ట్ పేరు వద్దు. నా రెండో ఇంటర్వ్యూ సగం దాని మీదే నడిచింది.

జీతం మాట కూడా చెప్పాలి. ట్రైనింగ్ అయ్యాక నేను కోఆర్డినేటర్‌గా చేరింది పరవాడలో వచ్చినదానికంటే తక్కువకే. ఇంట్లో అమ్మ నెల రోజులు సరిగ్గా మాట్లాడలేదు. మీకు ఈఎంఐలు ఉంటే ముందే లెక్క వేసుకోండి.

రికమెండేషన్ లెటర్లలో ఒకటి కాలేజీ గైడ్ దగ్గర తీసుకోండి, ప్రిన్సిపాల్ దగ్గర వద్దు. మీరెవరో గుర్తులేని పెద్దాయన రాసే నాలుగు మంచి మాటలు వాళ్లు రోజూ చూస్తూనే ఉంటారు. రెండోది ఆడిట్ రోజుల్లో మిమ్మల్ని చూసిన పైవాళ్ల దగ్గర. అయితే ఇప్పటి మేనేజర్‌ని అడిగితే మీరు మానేస్తున్నారని డిపార్ట్‌మెంట్ అంతా తెలిసిపోతుంది, ఆ ఏడాది ఇంక్రిమెంట్ హుళక్కి. నేను అంతకుముందే వేరే కంపెనీకి మారిపోయిన పాత మేనేజర్‌ని అడిగాను. సంతోషంగా ఇచ్చారు. మీకూ అలాంటివారు ఒకరు ఉండే ఉంటారు. పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్), సీఎంఎం (మార్కులన్నీ ఉండే కన్సాలిడేటెడ్ మెమో), ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) మూడూ చేతిలో ఉన్నాయా? ఓడీ ఇంకా తీసుకోకపోతే ఈ వారమే అప్లై చేయండి. చివర్లో నన్ను బాగా తిప్పించింది ఆ కాగితమే.