గర్భిణికి కుడిపక్క నొప్పి: రక్తపరీక్ష కాగితాన్ని ఎంతవరకు నమ్మాలి

బిడ్డా,

దేవరకొండ ఏరియా ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు మొదలయ్యాయన్నావు కదా, ఈ ఒక్క సంగతి ముందే చెప్పిపెడతాను. ఆరో నెల గర్భిణి వస్తుంది. "నిన్నటిసంది కడుపుల నొస్తుంది, బుక్క ముడుతలేదు" అంటుంది. వెంట వచ్చిన అత్త "24 గంటల నొప్పి కాదు గద డాక్టరమ్మా" అని అడుగుతుంది, అపెండిక్స్ వాపు కాదు కదా అని ఆమె భయం. నువ్వు సీబీపీ (రక్తకణాల లెక్క) పంపుతావు, తెల్లకణాలు 14,200 అని వస్తుంది. ఆ అంకె ఒక్కటీ చూసి ఏదీ తేల్చకు.

మామూలు మనిషికి 11,000 దాటితే ఎక్కువంటాం. నెలలు నిండుతున్న గర్భిణికి 15, 16 వేలు కూడా మామూలే. కాన్పు నొప్పులు మొదలైతే 25,000 దాకా పోవచ్చు. అందుకే ఆమె చేతిలోని తల్లీబిడ్డల కార్డు, సంచిలో మడిచిపెట్టిన పాత రిపోర్టులు అడిగి తీయించు. నాలుగో నెలలో 8,500 ఉన్నామెకు ఈ రోజు 14,200 అంటే ఒక లెక్క. అప్పుడే 13,000 ఉన్నామెకైతే అది వేరే లెక్క.

ఇంకొకటి కచ్చితంగా అడుగు: "బిడ్డ ఊపిరితిత్తుల కోసం సూదులేమైనా వేశారా?" నెలలు నిండకముందే నొప్పులని పీహెచ్‌సీలో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ 6 మిల్లీగ్రాముల సూది 12 గంటలకొకటి మొదలుపెట్టి మీకు పంపుతారు. ఆ సూది పడ్డాక తెల్లకణాలు పెరుగుతాయి, వాటిలో లింఫోసైట్లనే రకం మాత్రం తగ్గుతుంది. చీము పట్టిన మనిషి రిపోర్టు కూడా అచ్చం అలాగే ఉంటుంది. రిఫరల్ చీటీ మీద సూది వేసిన టైము లేకపోతే ఫోన్ చేసి కనుక్కో.

అపెండిక్స్ వాపును అంచనా వేసే అల్వరాడో స్కోరు కాలేజీలో నేర్పారు కదా, గర్భిణి దగ్గర దాన్ని కాస్త పక్కన పెట్టు. ఆకలి లేకపోతే 1, వాంతికి 1, తెల్లకణాలు పదివేలు దాటితే 2, వాటిలో న్యూట్రోఫిల్స్ అనే రకం ఎక్కువైతే 1. ఏ రోగమూ లేని మూడో నెల గర్భిణికి వేవిళ్లతోనే ఈ ఐదూ వచ్చిపడతాయి. వాపు కోసం చేసే ఈఎస్ఆర్ పరీక్ష అసలు రాయకు. గర్భంలో ఫైబ్రినోజెన్ అనే రక్తంలోని ప్రోటీన్ పెరగడం వల్ల అది ఎలాగూ ఎక్కువే వస్తుంది, మందికి అనవసర భయం.

వాపు ఉంటే రక్తంలో పెరిగే ప్రోటీన్ సీఆర్‌పీ పనికొస్తుంది, అయితే మూడు మెలికలున్నాయి. ఒకటి, వాపు మొదలైన 6 నుంచి 12 గంటలకు గానీ అది పెరగదు, గరిష్ఠానికి చేరేసరికి సుమారు రెండు రోజులు. సాయంత్రం నొప్పి మొదలై రాత్రికే వచ్చినామెకు సీఆర్‌పీ బాగుందంటే దానికి అర్థమేమీ లేదు. రెండు, ల్యాబులో పలక మీద లేటెక్స్ చుక్కతో చేస్తే "పాజిటివ్" అని మాత్రమే వస్తుంది. గర్భంలో సీఆర్‌పీ కాస్త ఎక్కువే ఉంటుంది కాబట్టి ఆ మాట చాలదు, అంకె కావాలి. మూడు, యూనిట్. లీటరుకు మిల్లీగ్రాములా, డెసిలీటరుకా చూడు. పొరబడితే పదింతల తేడా.

అసలు బలం రెండో శాంపిల్‌లో ఉంది. మొదటిది తీసిన 6 నుంచి 8 గంటలకు సీబీపీ, సీఆర్‌పీ మళ్లీ పంపు, అదే మిషన్ మీద చేయించు. న్యూట్రోఫిల్స్ 78 శాతం నుంచి 86కు పోయి, లింఫోసైట్లు 14 నుంచి 8కి పడి, సీఆర్‌పీ రెట్టింపయితే నొప్పి తగ్గిందని ఆమె అన్నా నమ్మకు. అపెండిక్స్ పగిలినప్పుడు కూడా కాసేపు నొప్పి తగ్గినట్టే ఉంటుంది. న్యూట్రోఫిల్స్‌ను లింఫోసైట్లతో భాగించి చూసే పద్ధతి మంచిదే, కానీ గర్భిణికి అది మామూలుగానే కాస్త ఎక్కువుంటుంది, అందరూ ఒప్పుకున్న గీతంటూ లేదు. ఆ నిష్పత్తి ఎటు పోతోందో చూడు, చాలు. బిలిరుబిన్ కూడా పంపు. కామెర్లకు వేరే కారణం లేకుండా 1 దాటితే అపెండిక్స్ పగిలిందేమోనని అనుమానించు.

శాంపిల్ సెలైన్ ఎక్కుతున్న చేతి నుంచి తీయనివ్వకు, రక్తం పలచబడి అన్ని కణాలూ తక్కువ చూపిస్తాయి. ఊదామూత ట్యూబులో గీత వరకు నింపి, కుదపకుండా ఎనిమిది పదిసార్లు తిరగేయాలి. లేకపోతే గడ్డకట్టి ప్లేట్‌లెట్లు తప్పు వస్తాయి. ఆ ప్లేట్‌లెట్లు నీకు ముఖ్యం: అవి తగ్గి, ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అనే కాలేయం ఎంజైములు పెరిగితే కుడిపక్క నొప్పి హెల్ప్ సిండ్రోమ్ (గర్భిణికి బీపీతో పాటు వచ్చే ప్రమాదకర జబ్బు) కావచ్చు. వెంటనే బీపీ చూడు. జిల్లా డయాగ్నస్టిక్ హబ్‌కు పోయే ట్రేలో మాత్రం ఈ శాంపిల్ పెట్టకు. అది రోజువారీ పరీక్షలకు బాగుంటుంది, ఈమెకు గంటలే లెక్క.

తప్పుదారి పట్టించేవి రెండు. మూత్రంలో చీముకణాలు కనిపించగానే యూటీఐ (మూత్రంలో ఇన్ఫెక్షన్) అని రాసి పంపేస్తారు. వాచిన అపెండిక్స్ మూత్రనాళానికి ఆనుకున్నా చీముకణాలు వస్తాయి. రెండోది టైఫాయిడ్ కోసం చేసే వైడాల్ పరీక్ష. మన దగ్గర జరం, కడుపునొప్పి అంటే చాలు ఆర్‌ఎంపీ వైడాల్ చేయించి, టైఫాయిడని యాంటీబయాటిక్ సూదులు మొదలుపెట్టేస్తాడు. ఒక్కసారి చేసిన వైడాల్‌తో ఏదీ రుజువు కాదు. ఆ సూదులతో జరం అణిగి, అపెండిక్స్ లోపల పగిలేదాకా తెలియకుండా పోతుంది.

పగిలితే బిడ్డ పోయే ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది, అందుకే రక్తం బాగుందని స్కానింగ్ ఆపకు. అల్ట్రాసౌండ్‌లో 6 మిల్లీమీటర్లు దాటి, ఒత్తినా అణగని గొట్టం కనిపిస్తే అది అపెండిక్స్ వాపే అనుకో. "అపెండిక్స్ కనిపించలేదు" అని రిపోర్టు వస్తే అపెండిక్స్ బాగుందని కాదు, చూడలేకపోయారని. అప్పుడు గాడోలినియం అనే కాంట్రాస్ట్ మందు లేకుండా ఎంఆర్‌ఐ. అది మీ దగ్గర లేదు కాబట్టి సర్జన్, గైనకాలజిస్టు ఇద్దరూ ఉన్న నల్లగొండకు పంపు. రెండో శాంపిల్ కోసమని మంచం మీద ఆపకు. చెయ్యి పెడితే పొట్ట గట్టిగా ఉన్నా, నాడి 110 దాటినా మొదటి రిపోర్టు రాకముందే 108కి ఫోన్ చెయ్యి, రెండో శాంపిల్ అక్కడే తీస్తారు. 20 వారాలు దాటినామెను ఎడమ పక్కకు ఒరిగించి పడుకోబెట్టి తీసుకుపొమ్మను. చీటీలో ఎన్ని వారాలు, నొప్పి ఎన్నింటికి మొదలైంది, శాంపిల్ తీసిన టైము, అంకెలు, పాత సీబీపీ అంకె, స్టెరాయిడ్ టైము, బ్లడ్ గ్రూపు రాయి. నెగెటివ్ గ్రూపైతే ఎర్ర సిరాతో రాయి.